రక్త పరీక్ష చెప్పేది – ఇంటివారు చెప్పవలసింది

(డిసెంబరు 17 పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా సైదాబాద్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున మనం ఆనవాయితీగా నకారా గారి కేసును తలుచుకుంటాం. పింఛను అనేది ప్రభుత్వం వేసే భిక్ష కాదు, మన హక్కు అని 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కరువు భత్యం గురించి, బకాయిల గురించి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు పావుగంట సమయమిచ్చి, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగిరీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. డెబ్బై దాటాయి. నేను చెప్పబోయేది మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా పడిన పాఠం. కొంత డాక్టర్లను అడిగి, కొంత చదివి తెలుసుకున్నది.

మొన్న సమావేశం ముగిసి అందరం టీ తాగుతూ ఉండగా ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచారు. ఆయన అనుమతి తీసుకుని, ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను. ఆయన మనుమరాలికి పంతొమ్మిదేళ్లు. నిరుడు ఆరు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు మూడు గంటలు మాత్రమే నిద్రపోతోంది, గలగలా మాట్లాడుతోంది, చదువు మానేసి కంపెనీ పెడతానంటోంది. డాక్టరు గారు చూసి, "ఇది బైపోలార్ మొదటి దశ కావచ్చు, మందు మొదలుపెట్టి కొన్నాళ్లు గమనిద్దాం" అన్నారట. మా మిత్రునికి ఆ "కావచ్చు" అన్న మాట మింగుడు పడలేదు. జేబులోంచి ఒక ల్యాబు వారి కరపత్రం తీశారు. ఒక్కసారి రక్తం ఇస్తే మనోవ్యాధులన్నీ తేల్చి చెబుతామని అందులో ఉంది. "అన్నగారూ, డబ్బు ఎంతయినా పెడతాను. రక్తం చూసి అవునో కాదో చెప్పేస్తే పిల్లకు ఇవాళే నిశ్చింత కదా?" అన్నారు.

అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన అడిగిన ప్రశ్న 2010లో నేను అడిగిన ప్రశ్నే. అందుకే ఇవాళ నలుగురిలో జవాబు చెబుతున్నాను.

ముందుగా ఆ జబ్బు గురించి రెండు ముక్కలు. బైపోలార్ డిజార్డర్ అనగా మనసు రెండు కొసలకూ ఊగే జబ్బు. ఒక కొసన కుంగుబాటు. తిండి, నిద్ర, ఆశ ఏవీ ఉండవు. రెండో కొసన ఉద్రేకం. నిద్ర లేకపోయినా అలసట ఉండదు, నోటికి మూత పడదు, చేతిలో డబ్బు నిలవదు, లోకం మొత్తాన్ని తానే నడపగలనన్న ధీమా. మధ్యలో నెలలు, ఏళ్లు మామూలుగానే ఉంటారు. ఎక్కువగా పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల లోపు మొదలవుతుంది. 2017 నాటికి మన దేశంలో సుమారు 76 లక్షల మందికి ఈ జబ్బు ఉందని శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. కాబట్టి ఈ హాలులో ఉన్నవారి బంధువర్గంలో ఒకరిద్దరు ఉండి తీరతారు. మనం చెప్పుకోము, అంతే.

ఇక మా ఇంటి సంగతి. మా రెండోవాడి అనుమతితోనే చెబుతున్నాను. "చెప్పండి నాన్నా, ఎవరికో ఒకరికి పనికొస్తుంది" అన్నాడు.

2004లో వాడికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరాడు. నాలుగు నెలలకే మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు నెలలు అదే వరస. నగరంలోనే ఒక డాక్టరుకు చూపించాం. కుంగుబాటు అని మాత్రలు రాశారు. తగ్గింది. తర్వాత ఆరేళ్లలో మరి రెండుసార్లు అలాగే వచ్చింది, అలాగే తగ్గింది. ప్రతిసారీ ఆ మాత్రలే.

2010 వేసవిలో వాడు లేచి కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, పరుగు అందుకున్నాడు. తెల్లవారుజామున మూడింటికి డాబా కడిగేవాడు. మూడు సెల్‌ఫోన్లు కొన్నాడు. ఇబ్రహీంపట్నం వైపు ప్లాటు కొంటానని మాకు తెలియకుండా యాభై వేలు అప్పుచేసి అడ్వాన్సు ఇచ్చాడు. అడ్డు చెప్పిన నన్ను, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎదురు చెప్పనివాడు, "నువ్వు గుమస్తా బుద్ధి పోనిచ్చుకోలేవు" అన్నాడు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా నిద్రపోలేదు. వాడు ఎలాగూ నిద్రపోవడం లేదు.

అప్పుడు ఎర్రగడ్డకు తీసుకువెళ్లాం. మన హైదరాబాదులో ఆ పేరే ఒక తిట్టు. నిజాం కాలంలో జాల్నాలో ఉండిన ఆసుపత్రి 1953లో ఎర్రగడ్డకు వచ్చిందంటారు. అప్పటినుంచి ఎవరినైనా వెక్కిరించాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అనడం మనకు అలవాటు. నేనూ ఆఫీసులో ఎన్నోసార్లు అన్నవాణ్ణే. ఆ రోజు అవుట్‌పేషెంటు చీటీ చేతిలో పట్టుకుని వరసలో నిలబడినప్పుడు ఆ మాటలన్నీ గుర్తుకొచ్చాయి.

అక్కడి డాక్టరు గారు వయసులో చిన్నవారు. వాడి కుంగుబాటు గురించి నేను చెప్పిందంతా విని, మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, ఇదివరకు ఎప్పుడైనా నిద్ర లేకపోయినా హుషారుగా తిరిగాడా?" అని అడిగారు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "2006లో ఉగాదికి ముందు వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని ఇల్లంతా వాడే సున్నం వేశాడండీ. ఎంత చురుకైన పిల్లాడో అని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాం" అంది. డాక్టరు గారు కలం కింద పెట్టి, "ఈ సంగతి ఇంతకుముందు ఏ డాక్టరుకైనా చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. ఎందుకు చెబుతాం? మేము దాన్ని జబ్బు అనుకోలేదు, జబ్బు తగ్గింది అనుకున్నాం!

మిత్రులారా, ఈ జబ్బు పట్టుబడకపోవడానికి మొదటి కారణం ఇదే. రోగి కుంగినప్పుడు డాక్టరు దగ్గరికి వెళతాం, పొంగినప్పుడు సంతోషిస్తాం. డాక్టరుకు ఫైలులో సగం కాగితాలే అందుతాయి. సగం ఫైలు మీద రాసిన నోటు సరిగ్గా ఎలా ఉంటుంది? పైగా బైపోలార్ ఉన్నవారికి ఒక్క కుంగుబాటు మందే ఇస్తే కొందరిలో ఉద్రేకం పైకి లేస్తుందని డాక్టర్లు చెబుతారు. వివిధ దేశాల పరిశోధనలను కలిపి చూస్తే, జబ్బు మొదలైనది మొదలు సరైన వైద్యం అందేసరికి సగటున సుమారు ఆరేళ్లు పడుతోందట. మా లెక్కా సరిగ్గా ఆరేళ్లే.

ఆ రోజు నేను డాక్టరు గారిని కాస్త కోపంగానే అడిగాను. షుగరుకు రక్త పరీక్ష ఉంది, కామెర్లకు ఉంది, దీనికి ఎందుకు లేదు అని. ఆయన, "పెద్దాయనా, ఉంటే మీకంటె ముందు నేనే సంతోషిస్తాను" అన్నారు. అప్పటినుంచి ఆ విషయం మీద ఎక్కడ ఏమి కనిపించినా చదువుతున్నాను.

2023లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సబీన్ బాన్ అనే ఆచార్యురాలి బృందం ఒక పరిశోధన ప్రచురించింది. వేలు పొడిచి తీసిన రక్తపు చుక్కను ఒక అట్ట మీద ఆరబెట్టి పోస్టులో పంపించడమే. కుంగుబాటుకు వైద్యం పొందుతూ ఉన్న 241 మంది రక్తంలో ఆరు వందలకు పైగా పదార్థాలను కొలిచారు. వాటిలోనుంచి పదిహేడింటిని ఏరారు. వాటిలో సెరమైడ్లు అనే కొవ్వు పదార్థాలు ముఖ్యమైనవి. ఆ పదిహేడింటిని బట్టి, కుంగుబాటు అని ముద్రపడినవారిలో బైపోలార్ ఎవరికి ఉందో కొంతవరకు చెప్పగలిగారు. కొంతవరకు అంటే, రక్తం ఒక్కదానితోనే అయితే నూటికి ముప్ఫై మంది దాకా. దానికి తోడు రోగి చరిత్రను, లక్షణాలను ప్రశ్నావళి ద్వారా అడిగి కలిపితే ఫలితం మెరుగైంది. అనగా అంత పెద్ద ప్రయోగశాలలో కూడా రక్తం ఒక్కటే సాక్ష్యం చెప్పలేదు. మా ఆవిడను ఎర్రగడ్డ డాక్టరు అడిగిన ప్రశ్న అక్కడా అడగవలసి వచ్చింది.

మనకు దగ్గరలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు, అక్కడి పరిశోధన సంస్థలతో కలిసి, ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి మనోవ్యాధి ఉన్న ఇళ్లను 2016 నుంచి ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నారు. వారి రక్తంలోని కణాలను ప్రయోగశాలలో మూలకణాలుగా మార్చి, వాటినుంచి మెదడు కణాలను పెంచి చూస్తున్నారు. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలు. మన మనుమల కాలానికి ఫలిస్తాయని ఆశ. అయితే ఇవాళ వీధి చివరి ల్యాబులో దొరికే సరుకు మాత్రం కాదు.

మరి ఆ కరపత్రంలోని పరీక్షల మాటేమిటి అంటారా? అందులో రాసినవి అబద్ధపు పదార్థాలు కావు. సి.ఆర్.పి. అని ఒకటి, వాపును సూచిస్తుంది. బి.డి.ఎన్.ఎఫ్. అని ఇంకొకటి, మెదడు కణాలకు ఎరువు వంటిది. జబ్బు విజృంభించినప్పుడు మొదటిది పెరగడం, రెండోది తగ్గడం చాలామందిలో చూశారు. కాని సి.ఆర్.పి. జ్వరం వచ్చినా పెరుగుతుంది, కీళ్లు వాచినా పెరుగుతుంది, పన్ను చీము పట్టినా పెరుగుతుంది. బి.డి.ఎన్.ఎఫ్. ఒట్టి కుంగుబాటులోనూ తగ్గుతుంది. పది కేసుల్లో ఒకే సాక్షి వచ్చి ఒకే మాట చెబితే ఏ మేజిస్ట్రేటు నమ్ముతాడు?

ఇక్కడ గుమస్తా లెక్క ఒకటి చెబుతాను. ఇది ఊరికే ఉదాహరణ. వెయ్యిమంది కుర్రవాళ్లలో పదిమందికి ఈ జబ్బు ఉందనుకుందాం. నూటికి తొంభై పాళ్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనుకుందాం. వినడానికి ఎంతో బాగుంది. జబ్బున్న పదిమందిలో తొమ్మండుగురిని పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో నూటికి పదిమంది చొప్పున 99 మందికి కూడా "ఉంది" అని కాగితం ఇస్తుంది. మొత్తం 108 కాగితాలు. అందులో నిజమైనవి 9. తక్కిన 99 ఇళ్లలో ఏమవుతుందో ఊహించండి. పెళ్లి సంబంధాలు, చదువులు, తల్లి కన్నీళ్లు. ఒక సున్నా తప్పు పడితే ట్రెజరీవారు బిల్లు వెనక్కి పంపేవారు. ఈ కాగితాన్ని వెనక్కి పంపే ట్రెజరీ లేదు.

అయితే రక్త పరీక్షలే వద్దు అని నేను చెప్పడం లేదు. దయచేసి ఈ సంగతి శ్రద్ధగా వినండి. ఈ జబ్బులో రక్త పరీక్ష రెండు పనులు చేస్తుంది.

మొదటిది, వేరే దొంగ లేడని తేల్చడం. థైరాయిడ్ తగ్గితే మనిషి కుంగుతాడు, పెరిగితే కంగారుపడతాడు. బి12 తగ్గినా, రక్తం తగ్గినా నీరసం, దిగులు వస్తాయి. అందుకే డాక్టర్లు ముందు ఇవి చూస్తారు. ఇవి మామూలు పరీక్షలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు.

రెండోది, మందుకు కాపలా. లిథియం అని పాత మందు ఒకటుంది. నిజానికి అది ఒక ఉప్పు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు దాని గుణం కనిపెట్టారు. మేలు చేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం బహు తక్కువ కావడంతో తొలిరోజుల్లో ప్రాణాలు కూడా పోయాయి. రక్తంలో అది ఎంత ఉందో కొలిచే పద్ధతి వచ్చిన తర్వాతే భయం తగ్గింది. డెన్మార్కులో మోగెన్స్ షౌ వంటివారు 1954 నుంచి దాని ప్రయోజనాన్ని పద్ధతిగా రుజువు చేశారు. రక్త పరీక్ష ఈ జబ్బుకు ఇప్పటికే చేసిన మహోపకారం ఇదే. మావాడు పదిహేనేళ్లుగా ఆ మందు మీదే నిలకడగా ఉన్నాడు.

లీటరు రక్తంలో సుమారు 0.6 నుంచి 1.0 దాకా ఉండాలి. మన వయసువారికి ఇంకా తక్కువే ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర పరీక్ష అయ్యాకే వేసుకోవాలి. ఆరు నెలలకొకసారి మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2015 మే నెల ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. మావాడికి రెండు రోజులు విరేచనాలు అయ్యాయి. ఒళ్లు నొప్పులంటే, నా మోకాళ్ల నొప్పులకు నేను వాడే మాత్రలు మూడు రోజులు వాడికి ఇచ్చాను. ప్రేమతోనే ఇచ్చాను. నాలుగోనాడు వాడి చేతులు వణికాయి, మాట తడబడింది, తాగినవాడిలా తూలాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే లిథియం 1.9 ఉంది. ఒంట్లో నీరు తగ్గడం ఒకటి, నొప్పి మాత్ర ఒకటి. రెండూ కలిసి మందును బయటికి పోనివ్వలేదు. మూత్రపిండం మీద భారం వేసింది ఎవరో కాదు, నేనే. సెలైను ఎక్కించి, లిథియం ఆపి, వారం రోజులకు మామూలు చేశారు. తర్వాత తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు.

మనం పింఛనుదారులం, మందుల డబ్బాలు మార్చుకోవడం మనకు పేకముక్కలు మార్చుకున్నంత తేలిక. "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో" అంటాం. లిథియం వాడేవారికి నొప్పి మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయే బి.పి. మాత్రలు, మరికొన్ని రకాల బి.పి. మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వకండి. ఉన్నట్టుండి ఉప్పు మానిపించకండి. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. ఈ సభ నుంచి మరేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మా మిత్రునికి నా జవాబు. అయ్యా, ఆ కరపత్రం పక్కన పెట్టి, పిల్లను మందు మానకుండా ఆ డాక్టరు గారి దగ్గరికే తీసుకువెళ్లండి. ఇప్పుడు మూడు గంటల నిద్రే కనుక, ఈ వారమే మళ్లీ చూపించండి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. మనకు చేతనైన పని అదొక్కటే కదా! ఆఫీసులో పర్సనల్ రిజిస్టరు రాసినట్టు రోజుకొక వరస. ఎన్ని గంటలకు పడుకుంది, ఎన్నింటికి లేచింది, తిండి ఎలా ఉంది, మాట ఎలా ఉంది, డబ్బు ఏమి ఖర్చుపెట్టింది, మాత్ర వేసుకుందా లేదా. అంతే. వ్యాఖ్యానాలు వద్దు, తీర్పులు వద్దు. ఆమెకు తెలియకుండా వద్దు, ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.

2010 నుంచి నేను రాసిన పుస్తకాలు తొమ్మిది అయ్యాయి. నిద్ర ఆరు గంటలకు తగ్గి, వరసగా మూడు రోజులు అలాగే ఉంటే మావాడే "నాన్నా, డాక్టరు గారికి ఫోను చేద్దాం" అంటాడు. అలా రెండుసార్లు ఉద్రేకాన్ని గుమ్మంలోనే ఆపగలిగాం. ఇప్పుడు వాడొక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఒకప్పుడు సైదాబాద్ నుంచి ఎర్రగడ్డకు పోయిరావడానికి పూటంతా పట్టేది. 2018లో మన వైపు మెట్రో వచ్చాక మూసారాంబాగ్‌లో ఎక్కితే మారకుండా ఎర్రగడ్డలో దిగుతున్నాడు. వాడే వెళ్లి రక్తం ఇచ్చి వస్తాడు.

ఇంకొక మాట. మా మిత్రుడు రక్త పరీక్షను ఎందుకంత కోరుకున్నారో నాకు తెలుసు. ఎందుకంటే నేనూ కోరుకున్నాను. "పిల్లకు రక్తంలో ఏదో తక్కువట" అని బంధువులకు చెప్పుకోవచ్చు. "మనసు బాగాలేదట" అని చెప్పుకోలేం. మనకు కావలసింది రోగ నిర్ధారణ కన్నా, సిగ్గుపడకుండా చూపించుకోగల ఒక కాగితం. రేపు అటువంటి పరీక్ష నిజంగానే వస్తుంది, రావాలి. కాని అది వచ్చేదాకా పిల్లలు ఆగరు. జబ్బూ ఆగదు.

కుటుంబ పెద్దలుగా మరొకటి కూడా తెలుసుకోండి. మన 1980 నాటి సవరించిన పింఛను నియమాల్లో 50వ నియమం ప్రకారం, మానసిక రుగ్మత వల్ల సంపాదించుకోలేని స్థితిలో ఉన్న కొడుకుకు గాని కూతురుకు గాని వయోపరిమితి దాటినా కుటుంబ పింఛను ఇచ్చే అవకాశం ఉంది. దానికి వైద్య ధ్రువపత్రం కావాలి. మనం బతికి ఉండగానే ఆ కాగితాలు సిద్ధం చేసి పెట్టాలి. అక్కడ కూడా పనికొచ్చేది ఏళ్ల తరబడి దాచిన చీటీలే. సందేహాలుంటే మన సంఘ కార్యాలయానికి రండి, అర్జీ నేను రాసిపెడతాను. రాత్రివేళ ఇంట్లో భరించలేని పరిస్థితి వస్తే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

పావుగంట దాటింది, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది. ఆరేళ్లు పట్టుబడని జబ్బును పట్టించినది ఆమె చెప్పిన సున్నం సంగతి. ఆ సంగతి ఆమెకు 2006 నుంచి తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మీ ఇళ్లలో ఎవరికేమి తెలుసో ఇవాళ ఇంటికి వెళ్లి అడగండి.